ఫిట్స్ వచ్చినోళ్ల నోట్లో స్పూన్ పెట్టకండి

వరంగల్ చౌరస్తాలోనో కాజీపేట స్టేషన్‌లోనో ఎవరైనా ఫిట్స్ వచ్చి పడిపోతే మనవాళ్లు ఆగుతారు, మంచిదే. ఆ తర్వాతే అసలు గొడవ. ఒకరు చేతిలో తాళాల గుత్తి పెడతారు, ఇంకొకరు ఉల్లిగడ్డ కోసం ఉరుకుతారు, మూడో ఆయన పళ్ల మధ్యలో స్పూన్ దూర్చేపనిలో ఉంటాడు. మొదటి రెండింటితో లాభం లేదు, మూడోదానితో మాత్రం నష్టమే.

స్పూన్ పెట్టకపోతే నాలుక తెగిపోదా, మింగేస్తే ఊపిరాడక చావడా అంటారు. నోట్లోంచి రక్తం కారుతుంటే ఊరికే చూస్తూ ఉండడం కష్టమే, ఒప్పుకుంటా. కానీ నాలుక నోటి అడుగున అతుక్కొని ఉంటుంది, దాన్ని మింగడం కుదరదు.

ఇక కొరుక్కోవడం అంటారా, ఒళ్లు బిగుసుకునే మొదటి క్షణాల్లోనే పళ్లు గిట్టకరుచుకుంటాయి, మీరు స్పూన్ వెతికి తెచ్చేసరికి ఆ కాటు పడే ఉంటుంది. అప్పుడు బలవంతంగా నోరు తెరవబోతే పన్ను విరిగి ముక్క గొంతులోకి పోవచ్చు, దవడ జారొచ్చు, వేలు పెట్టినాయన వేలికి గ్యారంటీ లేదు. నాలుక గాయం చాలావరకు కుట్లు లేకుండానే మానిపోతుంది. విరిగిన పన్ను మళ్లీ రాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది ఏదైనా పెట్టండి, టైమ్ చూడండి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ కొట్టండి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు కూడా తాగించొద్దు.

నాలుక కొసన కాకుండా పక్కన గాటు పడితే అది డాక్టర్‌కు పెద్ద ఆధారం, మామూలుగా కళ్లు తిరిగి పడినవాళ్లలో అది అరుదు. పొద్దున లేచేసరికి దిండు మీద రక్తం, నాలుక పక్కన నొప్పి ఉంటే రాత్రి నిద్రలో ఫిట్స్ వచ్చి ఉండొచ్చు. కానీ మన ఇళ్లలో, అదీ పెళ్లికెదిగిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో, ఆ దిండు గలీబు గప్‌చుప్‌గా ఉతికేస్తారు. డబ్ల్యూహెచ్ఓ లెక్క ప్రకారం సరైన మందులు వాడితే ఈ జబ్బు ఉన్నవాళ్లలో 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చు. అత్తగారింట్లో తెలుస్తుందన్న టెన్షన్‌తో ఆ గోలీలే ఆపేయిస్తారు, ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ ఇంకా గట్టిగా తిరగబెడతాయి. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉన్నవాళ్ల పెళ్లికి ఉన్న అడ్డంకిని 1999లోనే తీసేశారు. కట్నం లెక్క పైసలతో సహా రాసుకునే పెద్దమనుషులు మాత్రం పిల్ల ఏ గోలీ వేసుకుంటుందో అడగరు, వీళ్లు చెప్పరు.