కృష్ణ రాయబారం సీను చాలు, మొత్తం నాటకం ఎందుకులే అంటారా?

నాటక పోటీలు పెట్టే పరిషత్తుల సీజన్ వచ్చిందంటే వాట్సాప్ నిండా ఆహ్వాన పత్రికలే. ఏ కార్డు చూసినా అడుగున అదే లైను: "ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే." నాకు ఒళ్లు మండేది సరిగ్గా అక్కడే.

పోటీలకు నేను వ్యతిరేకిని కాను. కొత్త నాటికలు పుట్టేది అక్కడే. కానీ పాత నాటకాలు మనకు దొరికేది కూడా ఆ పోటీల్లోనే, కాదంటే సభ మధ్యలో పడేసే ఒక్క సీనులోనే అయితే ఎలా? పోటీ అంటే టైము కొలుస్తారు. కన్యాశుల్కం ఆ టైములో ఎలా ఇముడుతుంది? మనం చదివే 1909 నాటి రెండో కూర్పు ఏడంకాలు! దాన్ని రెండు గంటలకు కుదిస్తే గిరీశం కోతలు, మధురవాణి చమత్కారం మిగులుతాయి. వితంతువు మీనాక్షి గతి ఏమైందో ఎవరికీ పట్టదు. వకీలు సౌజన్యారావు పంతులు బస్సుకు టైమైనట్టు వచ్చి వెళ్లిపోతాడు. జనం నవ్వుకుని ఇంటికి పోతారు. గురజాడ రాసింది నవ్వించి పంపడానికేనా?

పద్య నాటకానిది ఇంకో కథ. కురుక్షేత్రం పేరుతో మనం చూసేది తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగం, పాండవ విజయం కలిపి అల్లుకున్న ఆట. అర్జునుడు, దుర్యోధనుడు సాయం కోరి వచ్చే పడక సీనుకి ఒక కృష్ణుడు, కౌరవ సభలో రాయబారానికి ఇంకో కృష్ణుడు, యుద్ధానికి మరొకాయన. పేరున్న ఆర్టిస్టులందరినీ ఒకే రాత్రి దింపడానికి కాంట్రాక్టు నాటకాల వాళ్లు పెట్టుకున్న పద్ధతి అది. దాన్ని వెక్కిరించే మేధావులంటే నాకు పడదు. పీసపాటి, షణ్ముఖి లాంటి నటులు రాగం తీస్తుంటే తెల్లవార్లూ కూర్చుని వన్స్ మోర్ కొట్టిన ఊళ్లే ఆ పద్యాల్ని బతికించాయి. బడి మొహం చూడనివాళ్లకు కూడా "అలుగుటయే యెరుంగని" కంఠతా వచ్చేది. (ఒక్కో పద్యానికి నాలుగు నిమిషాల రాగం అవసరమా అంటే, హార్మోనిస్టు మంచివాడైతే నాకు అవసరమే.)

జాతరలో సరే. నాటకోత్సవం అని బోర్డు పెట్టుకున్నవాళ్లు కూడా అవే మూడు సీన్లు కోసిస్తే ఎలా? కృష్ణుడు రాయబారానికి బయల్దేరే ముందు పాండవులు ఒక్కొక్కరూ ఏం కోరారో, ద్రౌపది ఏమందో వినకపోతే, సభలో కృష్ణుడి మాటకు బరువెక్కడ నుంచి వస్తుంది?

రాసిన మూల నాటకం జనానికి దూరమైతే ఏమవుతుందో చింతామణి నాటకం విషయంలో చూశాం. కాళ్లకూరి నారాయణరావు దాన్ని వేశ్యావ్యసనం మీద రాశారు. సంస్కరణ కోసం రాసిన నాటకం అది. తర్వాత తర్వాత స్టేజి మీద, చింతామణి ఇంటికి వచ్చే వర్తకుడు సుబ్బిశెట్టి పాత్రకి ఎవరికి తోచిన బూతు వాళ్లు తగిలించారు. అదే నాటకం అనుకున్నారు జనం. ఒక కులాన్ని కించపరుస్తోందన్న గొడవ ముదిరి, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది. మూల నాటకాన్ని ఉన్నదున్నట్టు ఏటా ఎక్కడో ఒకచోట వేస్తూ ఉంటే, "ఇదిగో, ఆయన రాసింది ఇదీ" అని చూపించడానికైనా ఉండేది కదా! చేర్పులన్నీ చెడ్డవని కాదు. బలిజేపల్లి రాసిన హరిశ్చంద్ర నాటకంలోకి కవి జాషువా శ్మశానవాటి పద్యాలు వచ్చి చేరాయి. అవి లేని కాటి సీను ఇప్పుడు ఎవరు వింటారు? ఏది కలిసిందో, ఏది తగిలించిందో తేడా తెలియాలంటే ముందు మూల నాటకం చూడాలి.

ఇక ఉచిత ప్రవేశం సంగతి. మొన్నామధ్య ఒక ఊళ్లో పద్య నాటకం ఆరింటికన్నారు. ఎనిమిదిన్నరకి కూడా వేదిక మీద పది కుర్చీలు, పది శాలువాలు. నేను గ్రీన్ రూమ్ వైపు వెళ్తే ధర్మరాజు కిరీటం ఒళ్లో పెట్టుకుని, పెదాల రంగు పోకుండా స్ట్రాతో టీ తాగుతున్నాడు. "ఏం మాస్టారూ, ఎప్పుడండీ?" అంటే, "ఇంకా ఇద్దరు వక్తలున్నారండీ" అన్నాడు. తీరా తెర లేచేసరికి శాలువాలు కప్పించుకున్నవాళ్లు కార్లెక్కేశారు. ముందు వరస సోఫాలు ఖాళీ. వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో ఉన్నవాళ్లే అసలు ప్రేక్షకులు. టికెట్ కొన్నవాడైతే ఏడింటికే లేచి అరిచేవాడు. ఊరికే వచ్చాం కాబట్టి నోరు మూసుకు కూర్చున్నాం.

టికెట్ పెడితే ఎవడొస్తాడు అంటారా? సురభి నాటక సమాజం వాళ్లని అడగండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో మొదలై, తరాల తరబడి టికెట్ మీదే బతికారు. మాయాబజార్ వేస్తే ఇప్పటికీ పిల్లలు కుర్చీల్లో నిలబడి చూస్తారు. వాళ్లకి అర్థం కానిదేం లేదు, పద్యాలతో సహా. డబ్బులిచ్చి చూసే అలవాటు మనవాళ్లకి లేదనడం శుద్ధ అబద్ధం. కొత్త సినిమా మొదటి రోజుకి మనం ఎంత పోస్తున్నామో అందరికీ తెలుసు.

పద్య నాటకానికి ఖర్చు ఎక్కువే. కిరీటాలు, తెరలు, హార్మోనియం, తబలా, ఇంతమందిని తెచ్చే వ్యాను. పోటీల్లో వచ్చే బహుమతి డబ్బుతో అది తేలదు, అప్పే మిగులుతుంది. అందుకే కుర్రాళ్లు రంగు వేసుకోవడానికి వెనకాడుతున్నారు.

ఏప్రిల్ 16, కందుకూరి పుట్టినరోజు, ఎలాగూ తెలుగు నాటకరంగ దినోత్సవం చేస్తున్నాం. దండలు, ఉపన్యాసాలు ఒక గంటలో ముగించండి. ఆ వారమంతా రోజుకో పాత నాటకం, కోత లేకుండా పెట్టండి. కన్యాశుల్కం రెండు రాత్రులు పడితే రెండు రాత్రులూ వెయ్యండి. న్యాయనిర్ణేతలు వద్దు, షీల్డులు వద్దు. వంద రూపాయలో, రెండొందలో టికెట్ పెట్టి, వచ్చింది ఆర్టిస్టులకు పంచండి. ఏడింటికి అన్నారంటే ఏడింటికి తెర లేపండి. శాలువాలు కప్పాలనుకుంటే నాటకం అయ్యాక, నటులకు కప్పండి.