డ్రాయింగ్ పీరియడ్ లేదు, డ్రాయింగ్‌లో మాత్రం ఏ ప్లస్

ఇవాళ ఒక కేథలిక్ కాన్వెంట్ స్కూలు ఆరో తరగతి ప్రోగ్రెస్ కార్డు చూశాను. కళలు, సాంస్కృతిక విద్య: ఏ ప్లస్. ఆ సెక్షన్ టైంటేబుల్లో జూన్ నుంచీ డ్రాయింగ్ పీరియడ్ లేదు, పాటల పీరియడ్ లేదు. మరి ఆ గ్రేడు ఏం చూసి వేశారు? సెక్షన్‌లో 45 మందికీ అదే ఏ ప్లస్. క్లాస్ టీచర్‌ని అనడం లేదు. కాలమ్ ఖాళీగా ఉంటే ఆఫీసు ఒప్పుకోదు, ఆవిడ నింపింది. ఆ కాలమ్ నిజంగా నిండేలా టైంటేబుల్ వేయాల్సిన వాళ్ళ మీదే నా కోపం.

స్కూలు పేరు అడగకండి. మీ ఊళ్ళో కాన్వెంట్ టైంటేబుల్ తీసి చూడండి, చాలు.

లెక్క చాలా తేలిక. రోజుకు 8 పీరియడ్లు, వారానికి 6 రోజులు, మొత్తం 48. లెక్కలకు 8, ఇంగ్లిషుకు 7, సైన్సుకు 7, తెలుగుకు 6, సోషల్‌కు 6, హిందీకి 4 ఇవ్వండి. ధారాళంగా ఇచ్చినట్టే. అది 38. ఇంకా 10 మిగులుతాయి: పీటీ 3, మోరల్ సైన్స్ 2, లైబ్రరీ, డ్రాయింగ్, పాటలు, కంప్యూటర్, చేతిపని ఒక్కొక్కటి. ఏ సబ్జెక్టుకూ అన్యాయం జరగలేదు. ఇప్పుడు దీంట్లోకి ఐఐటీ ఫౌండేషన్, అంటే ఐఐటీ ప్రవేశ పరీక్షకు ఇప్పటి నుంచే ఇచ్చే కోచింగ్ వస్తుంది, వారానికి 6 పీరియడ్లు కావాలంటుంది. లెక్కల సారు తన పీరియడ్ వదలడు, సైన్స్ టీచరూ వదలదు. పీటీలో 2 పోతాయి. లైబ్రరీ, డ్రాయింగ్, పాటలు, చేతిపని నాలుగూ పోతాయి. సరిగ్గా 6. వాటి తరఫున మాట్లాడేవాళ్ళు స్టాఫ్ రూములో లేరు కాబట్టి పోయాయి.

పోనీ ఆ ఫౌండేషన్ వల్ల పిల్లలకు లెక్కలు వచ్చాయా? ఆరో తరగతిలో భిన్నాలు, నిష్పత్తులు, రుణ సంఖ్యలు కుదురుకోవాలి. హారాలు వేరుగా ఉన్న రెండు భిన్నాలను కూడడంలో తడబడే పిల్ల చేతికి ఎనిమిది, తొమ్మిది తరగతుల సూత్రాలు పెట్టి నాలుగు ఆప్షన్లలో ఒకటి దిద్దమంటున్నారు. గుండ్రాలు దిద్దే ఆ ఓఎమ్మార్ షీటులో మెట్లు రాసే పని ఉండదు. మూడేళ్ళు అలా అలవాటు పడ్డ చెయ్యి పదో తరగతిలో త్రిభుజాల సిద్ధాంతం నిరూపించమంటే దత్తాంశం (ఇచ్చింది ఏమిటి) రాయదు, సారాంశం (నిరూపించాల్సింది ఏమిటి) రాయదు, నేరుగా జవాబు వేస్తుంది. మార్కులు పోయేది అక్కడే. అప్పుడు ట్యూషన్ పెట్టిస్తారు.

ఇంకా మండేది ఏమిటంటే, తీసేసిన పీరియడ్లనే సాయంత్రం నాలుగింటికి మళ్ళీ అమ్ముతున్నారు. ఆర్ట్ క్లబ్, కీబోర్డ్ క్లబ్, రోబోటిక్స్, అబాకస్. పేరు ఎన్‌రిచ్‌మెంట్, ఫీజు వేరే. ఆటో పిల్లలు ఉండలేరు, ఎందుకంటే ఆటో మూడున్నరకే వస్తుంది. కారున్న పిల్లలు ఉంటారు. 2007లో కేథలిక్ బిషప్పులు దేశంలోని తమ స్కూళ్ళన్నిటికీ విద్యా విధానం రాసుకున్నప్పుడు బీదపిల్లలే ముందు అన్నారు. అదే బిషప్పుల కింద నడిచే ఆవరణలో బొమ్మ వేయడానికి కారు ఉండాలా?

వీళ్ళ సంప్రదాయంలో ఇవి ఎప్పుడూ అదనం కాదు. జెస్యూట్లు అనే కేథలిక్ గురువుల సంఘం వాళ్ళు 1599లోనే తమ విద్యాక్రమం రాసుకున్నారు, వాళ్ళ కళాశాలల్లో నాటకం చదువులో భాగంగా నడిచింది. డాన్ బోస్కో అనే ఫాదర్ 1841లో ఇటలీలోని ట్యూరిన్‌లో వీధిపిల్లల్ని చేరదీసినప్పుడు ఆటా, పాటా, ప్రార్థనా ఒకే చోట పెట్టాడు. మన దగ్గర విశాఖలో సెయింట్ అలోసియస్ 1847 నాటిది, హైదరాబాద్‌లో ఆల్ సెయింట్స్ 1855 నాటిది. అప్పటికి ఐఐటీలు లేవు, వాటి ఫౌండేషన్ అంతకన్నా లేదు. కాన్వెంట్ చదువుకు ఈ నేల మీద పేరు వచ్చింది దస్తూరీ వల్ల, గ్రౌండు వల్ల, కలిసి పాడిన పాట వల్ల.

పాట సంగతి కొంచెం చెప్పనివ్వండి. రెండు గొంతుల పాట నేర్పడం తెలిసిన సిస్టర్లు ఇంకా ఉన్నారు. అసలు వరస అందరికీ వచ్చాక రెండో వరసను విడిగా, ముందు మాటలు లేకుండా రాగం ఒక్కటే నేర్పాలి. రెండు పంక్తుల చొప్పున కలపాలి. కలపగానే రెండో గుంపు జారి మొదటి వరసలో పడిపోతుంది, ఎప్పుడూ అంతే, చెవి పెద్ద గొంతు వైపు లాగుతుంది. అందుకే గట్టిగా పాడే పిల్లల్ని రెండో వరసలో పెట్టి, రెండు గుంపుల మధ్య ఒక బెంచీ దూరం ఉంచాలి. పక్కవాడు వేరే పాడుతుంటే వింటూ తన వరస తను నిలబెట్టుకోవడం ఏ ఓఎమ్మార్ షీటూ నేర్పదు. ఇప్పుడు యాన్యువల్ డేకి ట్రాక్ పెట్టి పిల్లల చేత పెదవులు కదిలిస్తున్నారు. కీబోర్డు ఆఫీసు రూములో గుడ్డ కప్పుకుని ఉంది.

లైబ్రరీదీ ఇదే కథ. బీరువా తాళం ఎందుకు తీయరంటే పుస్తకం పోతే స్టాక్ రిజిస్టరులో సమాధానం చెప్పుకోవాలి. పోనివ్వండి! ఏడాదికి కొన్ని పుస్తకాలు పోతాయని ముందే రాసుకోండి. 40 నిమిషాల్లో 10 నిమిషాలు ఇవ్వడానికి, 20 చదవడానికి, చివరి 10 ఎవరు ఏం చదివారో చెప్పడానికి. శనివారం చివరి పీరియడ్‌లో మాత్రం వేయకండి, అక్కడ వేసింది ఏదీ బతకదు.

మోరల్ సైన్స్ రెండు పీరియడ్లూ మిగిలాయి కదా అంటారు. మిగిలి ఏం చేస్తున్నాయి? కేథలిక్ పిల్లలు క్యాటకిజానికి, అంటే తమ మత పాఠానికి, ఒక గదిలోకి వెళ్తారు. అది సరే, రాజ్యాంగం 28(3) ప్రకారం మిగతా పిల్లలను తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మతబోధలో కూర్చోబెట్టకూడదు. ఆ మిగతా పిల్లలకు ఏం చెబుతున్నారు? 'నిజాయితీ అనగానేమి?' రెండు మార్కులు. 'దయ గురించి ఐదు వాక్యాలు రాయుము.' దయ అప్పజెప్పే పాఠమా? ఆరుగురి చొప్పున గుంపులు చేసి, దగ్గర్లోని వృద్ధాశ్రమానికి టర్ముకు నాలుగుసార్లు అదే గుంపును అదే తాతగారి దగ్గరికి పంపండి, పేపరు చదివి వినిపించమనండి. ఏడాదికోసారి 90 మందిని బస్సెక్కించి అరటిపళ్ళతో ఫొటో తీయిస్తే పిల్లలకు ఆ తాత పేరు కూడా తెలియదు.

రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమకు నచ్చిన విద్యాసంస్థల్ని పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. 2014లో సుప్రీంకోర్టు విద్యాహక్కు చట్టం కూడా మైనారిటీ స్కూళ్ళకు వర్తించదని చెప్పింది. ఇంత స్వేచ్ఛ ఏ కార్పొరేట్ స్కూలుకూ లేదు. ఆ స్వేచ్ఛ పెట్టుకుని పక్క సందులోని కార్పొరేట్ స్కూలు టైంటేబుల్నే దించుకోవడం ఏమిటి, ఫాదర్ గారూ?

ఇంత దూరం వచ్చాం కాబట్టి ఆ పాత పుండూ చెబుతాను. తెలుగు. రెండో వాటికన్ మహాసభ, అంటే ప్రపంచంలోని కేథలిక్ బిషప్పులందరి సభ, 1962 నుంచి 65 దాకా జరిగింది, పూజ ప్రజల భాషలో చేసుకోవచ్చంది. అప్పటి నుంచి మన గుడుల్లో పూజ తెలుగులో, ప్రసంగం తెలుగులో, పాటలు తెలుగులో. ఆదివారం పొద్దున అదే కాంపౌండులో దేవుడితో తెలుగులో మాట్లాడతారు. సోమవారం పొద్దున అదే కాంపౌండులో పిల్ల పక్క పిల్లతో తెలుగులో మాట్లాడితే లీడర్ చేత పేరు రాయించి జరిమానా వసూలు చేస్తారు! తెలంగాణ 2018లో ఒకటి నుంచి పది దాకా తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం చేశాక పీరియడ్లు పెట్టారు, బాగానే ఉంది. వరండాలో మాత్రం తెలుగు ఇంకా నేరమే. ఇంగ్లిషు రావాలంటే ఇంగ్లిషులో చదవాలి, చదివింది చెప్పాలి. దానికి లైబ్రరీ పీరియడ్ ఉండేది, దాన్నే తీసేశారు. జరిమానాతో వచ్చేది భయం. భయపడ్డ పిల్ల ఏ భాషలోనూ నోరు విప్పదు.

వచ్చే పేరెంట్స్ మీటింగులో మార్కుల గురించి కాసేపు ఆపి రెండు అడగండి. ఒకటి, మా పిల్ల సెక్షన్ టైంటేబుల్ జిరాక్స్ ఇవ్వండి. రెండు, ఏ ప్లస్ వచ్చిన ఆ బొమ్మ చూపించండి.