తొందర ఎవరిదో తేలితే ధర్నా సంగతి తేలుతుంది

2020 జూన్ 16న వెలగపూడిలోని ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో రెండు బిల్లులు రెండోసారి పాసయ్యాయి. ఒకటి మూడు రాజధానులది, ఇంకొకటి అమరావతి కోసం పెట్టిన రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) రద్దుది. జూలై 31న గవర్నర్ బిశ్వభూషణ్ హరిచందన్ ఆ రెంటికీ ఆమోదముద్ర వేశారు. ఆ వారం రాష్ట్రంలో రోజుకు పదివేలకు పైగా కొత్త కరోనా కేసులు బయటపడుతున్నాయి. ఆసుపత్రిలో బెడ్ కావాలంటే తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసుకోవాల్సిన రోజులవి. అసెంబ్లీకి దగ్గర్లోనే మందడం, తుళ్లూరుల్లో రాజధానికి భూములిచ్చిన రైతులు మాస్కులు కట్టుకుని, కుర్చీలు ఎడంగా వేసుకుని నిరసన సాగిస్తున్నారు. నలుగురు ఎక్కువ చేరితే కేసు పెడతారన్న భయం ఒకవైపు, ఇంటికి జబ్బు మోసుకెళ్తామేమోనన్న టెన్షన్ ఇంకోవైపు.

రాజధాని ఒకటి ఉండాలా, మూడు ఉండాలా అన్న చర్చలోకి ఇక్కడ వెళ్లడం లేదు. గుంటూరు, విజయవాడల్లో ఆ మాట ఎత్తితే పొద్దుగూకుతుంది తప్ప తెగదు. నాకు కావాల్సింది అందులో ఒక ముక్కే. గుమిగూడొద్దని జనానికి చెప్పిన ప్రభుత్వం, మామూలు రోజుల్లో అయితే జనం గుమిగూడి అడ్డుపడే పనిని సరిగ్గా అప్పుడే చేసింది. లాక్‌డౌన్‌లో ధర్నాలు సబబా అన్న ప్రశ్నకు జవాబు వెతకాల్సింది అక్కడి నుంచే అని నా ఉద్దేశం.

మామూలుగా ఈ ప్రశ్నకు మన దగ్గర జవాబు పార్టీని బట్టి వస్తుంది. మనవాళ్లు వస్తే ఉద్యమం, ఎదుటివాళ్లు వస్తే సూపర్ స్ప్రెడర్. 2020 ఏప్రిల్‌లో శ్రీకాళహస్తిలో అప్పటి అధికార పార్టీ వైఎస్సార్‌సీపీ ట్రాక్టర్ల ర్యాలీ తీస్తే ప్రతిపక్షం దుమ్మెత్తిపోసింది. మే చివర్లో అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు దారి పొడవునా స్వాగతాలు పలికితే అధికార పక్షం అదే పాట పాడింది. ఇద్దరి మాటలోనూ అర్థం ఉంది. ఇద్దరూ దాన్ని తమకు వర్తింపజేసుకోలేదు, అంతే.

లాక్‌డౌన్ అంటే కొన్నాళ్లు అందరం ఆగుదామన్న ఒప్పందం. పెళ్లిళ్లు ఆగాయి. తిరునాళ్లు ఆగాయి. స్థానిక సంస్థల ఎన్నికలను దేశమంతా లాక్‌డౌన్ పెట్టడానికి ముందే, మార్చి 15న, వాయిదా వేశారు. చివరికి పదో తరగతి పరీక్షలే రద్దయ్యాయి. ఈ ఒప్పందంలో ప్రభుత్వానికీ వాటా ఉంది. వివాదంలో ఉన్న పనిని అది పక్కన పెడితే, నిరసన తెలిపేవాళ్లూ జెండాలు చుట్టి ఇంట్లో పెట్టుకోవాలి. అది ఆగకుండా, తర్వాత వెనక్కి తీసుకోవడం కష్టమయ్యే నిర్ణయాలు చేసుకుంటూ పోతే, ఇంట్లో కూర్చోండని చెప్పే హక్కు దానికి ఆ మేరకు తగ్గిపోతుంది. కాబట్టి ముందు అడగాల్సింది తొందర ఎవరిదని.

ఈ కొలత అందరికీ ఒకేలా పెట్టాలి. ఢిల్లీలో పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా వెలసిన షాహీన్‌బాగ్ శిబిరాన్ని 2020 మార్చి 24న పోలీసులు ఎత్తేశారు. ఆ చట్టం మీద అప్పటికి గుంటూరు, విజయవాడల్లోనూ నిరసనలు జరిగాయి. ఆందోళనకారుల అసలు భయం ఏప్రిల్ 1 నుంచి మొదలు కావాల్సిన జనాభా రిజిస్టర్ గురించి. ఆ పనిని కేంద్రం మార్చి 25న వాయిదా వేసింది. ఎదుటి పక్షం ఆగింది కాబట్టి అక్కడ శిబిరం ఆగడమే న్యాయం. ఎత్తేసిన తీరు మీద ఎన్ని అభ్యంతరాలున్నా ఆ మాట మారదు.

కేంద్రం తెచ్చిన సాగు చట్టాల కథ దీనికి తిరగేసి ఉంటుంది. 2020 జూన్ 5న, జనం లాక్‌డౌన్ నుంచి ఇంకా పూర్తిగా బయటపడకముందే, ఆర్డినెన్సులు వచ్చాయి. సెప్టెంబరులో, ప్రశ్నోత్తరాల సమయం కూడా లేకుండా జరిగిన పార్లమెంటు సమావేశాల్లో, అవి చట్టాలయ్యాయి. ఇక్కడ తొందరంతా ప్రభుత్వానిదే. నవంబరు 26న రైతులు ఢిల్లీ సరిహద్దుకు చేరితే, కరోనా ఉండగా ఎందుకొచ్చారని అడిగే ముఖం దానికి లేదు. అయితే ఇదే కొలత నాకు నచ్చని చోటికీ తీసుకెళ్తుంది. 2021 జనవరి 12న సుప్రీంకోర్టు ఆ చట్టాల అమలుపై స్టే ఇచ్చింది. ఏడాదిన్నర పాటు పక్కన పెడతామని కేంద్రమూ అన్నది. నమ్మకం లేక రైతులు కదల్లేదు. వాళ్ల అనుమానం అర్థమవుతుంది, రద్దుకు నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది కూడా. కానీ ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ అందక జనం చచ్చిపోతున్నప్పుడు, చట్టాలు స్టేలో ఉండగా, సరిహద్దుల్లో మనుషుల్ని నామమాత్రానికి కుదించి ఉండాల్సింది. ఉద్యమం మీద గౌరవం ఉన్నవాళ్లు ఈ మాట అప్పుడు గట్టిగా అనలేదు.

ఆ ఏప్రిల్‌లోనే హరిద్వార్‌లో కుంభమేళా, బెంగాల్‌లో ఎన్నికల సభలు. వాటి గురించి వేరే చెప్పక్కర్లేదు.

వాయిదా వేయడానికి వీల్లేని నిరసనలు కొన్ని ఉంటాయి. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ నుంచి గ్యాస్ లీకై 12 మంది చనిపోయారు. రెండు రోజులకు ఆర్.ఆర్. వెంకటాపురం జనం శవాలతో ఫ్యాక్టరీ గేటు ముందు బైఠాయించారు. అప్పటికి లాక్‌డౌన్ ఇంకా అమల్లోనే ఉంది. శవాన్ని వాయిదా వేసుకోమని ఎవరు చెప్పగలరు? అదే నెలలో తాడేపల్లి దగ్గర, ఊళ్లకు నడిచి పోతామన్న వలస కూలీల మీద లాఠీ విరిగింది. వాళ్లు చేసింది ధర్నా కూడా కాదు. ఇంటికి పోతామన్నారు, అంతే. హైవే వెంబడి వాళ్లకు తిండి, నీళ్లు, మరుగుదొడ్లు ఏర్పాటు చేయమని హైకోర్టు ప్రభుత్వానికి చెప్పాల్సి వచ్చింది.

ఇక చట్టం సంగతి. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగం 19(1)(బి)లో ఉంది. దానికి 19(3) పెట్టిన హద్దులు దేశ సార్వభౌమత్వం, సమగ్రత, ఆపైన పబ్లిక్ ఆర్డర్. ప్రజారోగ్యం ఆ జాబితాలో లేదు. దీన్ని పట్టుకుని లాక్‌డౌనే చెల్లదని వాదించేవాళ్లతో నేను ఏకీభవించను. అంటువ్యాధి ఊరిని కమ్మేస్తే ఆర్డర్ ఎక్కడుంటుంది? ప్రాణం కాపాడే బాధ్యత 21వ అధికరణం కింద ఎలాగూ ఉంది. కాకపోతే ఆ హద్దు ఎంత పలుచనో ప్రభుత్వాలు గుర్తుంచుకోవాలి. లాక్‌డౌన్ నడిచిన చట్టాల్లో ఒకటి 1897 నాటిది, ప్లేగు కోసం తెల్లదొరలు హడావిడిగా తెచ్చింది. ఆ ఏడాదే పుణెలో ప్లేగు అధికారుల ఆగడాల మీద తిలక్ పత్రిక ‘కేసరి’ మండిపడింది. ప్లేగు కమిషనర్ ర్యాండ్ హత్య తర్వాత తిలక్ మీద రాజద్రోహం కేసు పెట్టి 18 నెలల శిక్ష వేశారు. వ్యాధి పేరు చెప్పి నోరు మూయించడం ఈ చట్టానికి పుట్టుకతో వచ్చిన బుద్ధి.

2020 ఏప్రిల్‌లో జర్మనీలోని గీసెన్ నగర అధికారులు లాక్‌డౌన్ నిబంధన చూపి ఒక సభను నిషేధిస్తే, అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఒప్పుకోలేదు. ఏ సభకు ఆ సభ వివరాలు చూసి నిర్ణయించాలి గానీ గంపగుత్తగా కుదరదన్నది. అదే నెల టెల్ అవీవ్‌లోని రాబిన్ కూడలిలో వేలమంది రెండేసి మీటర్ల ఎడంతో, నేల మీద గీసిన గుర్తుల్లో నిలబడి నిరసన తెలిపారు. మన దగ్గర మాత్రం అర్జీ పట్టుకెళ్తే వచ్చే జవాబు ఒక్కటే: ‘సెక్షన్ 30 అమల్లో ఉంది’, అంటే పోలీసు అనుమతి లేకుండా సభలు, ఊరేగింపులు కుదరవని. కరోనాకు ముందూ అదే, తర్వాతా అదే. అందుకే కరోనా పేరు చెప్పినప్పుడు నిజంగా కరోనా గురించే చెబుతున్నారని జనం నమ్మలేదు.

జబ్బు ఎలా అంటుకుందో చూద్దాం. విజయవాడలో ఏప్రిల్ 2020లో పెద్ద కలకలం లేపింది ఏ ర్యాలీయో కాదు. కృష్ణలంకలో ఒక లారీ డ్రైవర్ పొద్దుపోక నలుగురితో కలిసి పేకాట ఆడాడు, ఆడవాళ్లు హౌసీ ఆడారు. దానితో 24 మందికి అంటుకుందని అప్పటి కృష్ణా కలెక్టర్ ఇంతియాజ్ చెప్పారు. కార్మికనగర్‌లో ఇంకొకరి ద్వారా మరో 15 మందికి. తలుపులు వేసిన గది, గంటల కొద్దీ ఎదురెదురుగా కూర్చోవడం, చేతులు మారే పేకముక్కలు. అమెరికాలో పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్యకు గురయ్యాక వందల నగరాల్లో జనం రోడ్డెక్కారు. ఆ లెక్కలు చూసిన ఆర్థికవేత్తలకు కేసులు ఉన్నట్టుండి పెరిగిన దాఖలా కనబడలేదు. బయట గొడవగా ఉందని మిగతా జనం ఇల్లు కదలకపోవడం కూడా ఒక కారణమని వాళ్లు చెప్పారు. కాబట్టి ఆరుబయట నిరసన అనగానే చావు మేళం అన్నట్టు మాట్లాడటం తప్పు.

ప్రమాదమే లేదనడమూ అంతే తప్పు. ధర్నా ఆరుబయటే. కానీ ధర్నాకు పోయే ఆటోలో పదిమంది. మధ్యలో మూడు వైపులా గుడ్డ కట్టిన షామియానా కింద భోజనాలు, ఒకే బిందె దగ్గర గ్లాసులు. నినాదం ఇవ్వాలంటే మాస్కు కిందికి లాగాలి. పోలీసులు ఎత్తుకెళ్లి కిక్కిరిసిన వ్యాన్‌లో పడేస్తారు, స్టేషన్ వరండాలో సాయంత్రం దాకా కూర్చోబెడతారు. అంటువ్యాధి భయంతోనే నిషేధం పెట్టామనేవాళ్లు చేసే పనుల్లో అన్నిటికన్నా ప్రమాదకరం ఆ అరెస్టే. ఇంకో విషయం: నిరసనకారుడు తన ఒక్కడి ప్రాణాన్నే పణంగా పెట్టడం లేదు. ఇంట్లో షుగర్ ఉన్న తల్లికీ, పక్కింటి తాతయ్యకీ ఆ ఉద్యమంతో సంబంధం లేదు. ‘మా ప్రాణాలు పోయినా సరే’ అనే మాట మామూలు రోజుల్లో త్యాగం. అంటువ్యాధి రోజుల్లో ఆ మాట అనే హక్కు ఎవరికీ పూర్తిగా లేదు.

అందుకే ఫ్లాయిడ్ హత్య మీద జరిగిన నిరసనలను వెనకేసుకొచ్చిన అమెరికా వైద్య, ప్రజారోగ్య నిపుణుల బహిరంగ లేఖ నాకు మింగుడు పడలేదు. జాతి వివక్షే ఒక ప్రజారోగ్య సమస్య అన్నారు, నిజమే. కానీ అంతకు నెల ముందు లాక్‌డౌన్ ఎత్తేయమని రోడ్డెక్కినవాళ్లకు మాత్రం బుద్ధులు చెప్పారు. డాక్టరు చెప్పాల్సింది ఎంత ప్రమాదం, దాన్ని ఎలా తగ్గించుకోవాలి అన్నంతవరకే. ఏ కారణానికి ఆ ప్రమాదం తీసుకోవచ్చో తేల్చేది పౌరులు. రెండూ కలిపేస్తే తర్వాత డాక్టరు మాస్కు పెట్టుకోమన్నా జనం అనుమానంగా చూస్తారు.

ఇప్పుడు మన విజయవాడ బీఆర్‌టీఎస్ రోడ్డుకు వద్దాం. 2022 ఫిబ్రవరి 3న ప్రభుత్వ ఉద్యోగులు, టీచర్ల పీఆర్సీ (వేతన సవరణ) సాధన సమితి ఛలో విజయవాడకు పిలుపిచ్చింది. కొవిడ్ నిబంధనలు చూపి పోలీసులు అనుమతి ఇవ్వలేదు. రైళ్లలోంచి, బస్సుల్లోంచి దింపేశారు, ఇళ్ల దగ్గరే ఆపేశారు. అయినా వేలమంది వచ్చేశారు. మారువేషాల్లో వచ్చినవాళ్లూ ఉన్నారని అప్పట్లో కథలు కథలుగా చెప్పుకున్నారు. లాక్‌డౌన్ లేదు గానీ రాత్రి కర్ఫ్యూ ఉంది, మూడో వేవ్ పూర్తిగా తగ్గలేదు. తొందర ఎవరిది? మధ్యంతర భృతి 27 శాతం ఉండగా 23 శాతం ఫిట్‌మెంట్‌తో (మూల వేతనంపై పెంపుతో) జనవరి 17 రాత్రికి రాత్రి జీవోలు ఇచ్చింది ప్రభుత్వం. చర్చలు తేలేదాకా పాత జీతాలే ఇవ్వమని ఉద్యోగులు మొత్తుకున్నా వినలేదు. సంక్రాంతి సెలవులు కాగానే బడులు తెరిచిందీ అదే ప్రభుత్వం. నలభై మంది పిల్లలతో ఒక గదిలో పాఠం చెప్పడానికి అడ్డురాని కరోనా, అదే టీచరు రోడ్డు మీద నిలబడితే అడ్డొచ్చింది. ఆ రోజు జనం రావడాన్ని నేను తప్పుపట్టను. మాస్కుల్లేకుండా భుజం భుజం రాసుకుని నడిచిన తీరును తప్పుపడతాను, ఎందుకంటే వాళ్లలో చాలామంది మర్నాడు అదే పిల్లల ముందుకు వెళ్లాల్సినవాళ్లు. రెండు రోజులకు చర్చలు ఫలించి సమ్మె ఆగింది. ఆ గుంపు లేకపోతే చర్చలు అంత త్వరగా జరిగేవా అంటే, నాకైతే నమ్మకం లేదు.

ఇంటి దగ్గరే నిరసన తెలపొచ్చు కదా అంటారు. లాక్‌డౌన్ మొదట్లో అమరావతి రైతులు చేసింది అదే: ఇళ్ల ముందు ప్లకార్డులు, గుమ్మాల్లో దీపాలు. జనం గుమిగూడకుండా సర్కారుకు ఎదురు నిలిచిన చరిత్ర గుంటూరు జిల్లాకు ఉంది. 1921లో, చీరాల ఇంకా గుంటూరు జిల్లాలో ఉన్నప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం మున్సిపాలిటీ పన్నులకు నిరసనగా ఊరే ఖాళీ చేసి రామనగర్‌లో పాకలు వేసుకున్నారు. పన్ను కట్టేవాడే లేకపోతే మున్సిపాలిటీ ఏం చేస్తుంది? కానీ అలాంటి పట్టు అందరి చేతుల్లోనూ ఉండదు. గుమ్మంలో దీపం టీవీలో అర నిమిషం కనబడి పోతుంది. ఎవరికీ ఇబ్బంది కలిగించని నిరసనను ఏ ప్రభుత్వమూ పట్టించుకోదు. జూన్‌లో బిల్లులు మళ్లీ పాసయ్యాయంటేనే దీపాలు ఎంత పనిచేశాయో తెలుస్తోంది.

మధ్యే మార్గం ఊహకందనిదేమీ కాదు. 2020 వేసవిలో విజయవాడ రైతు బజార్లను ఇందిరాగాంధీ స్టేడియం లాంటి మైదానాల్లోకి మార్చారు. సున్నంతో గళ్లు గీశారు, ఒక గడిలో ఒక మనిషి. పొద్దున్నే బెండకాయలు కొనుక్కోవడానికి ఆ ఏర్పాటు చేసిన యంత్రాంగమే, అదే మైదానంలో మధ్యాహ్నం రెండొందల మందికి రెండు గంటలు ధర్నాకు ఏర్పాటు చేయగలదు. సొంత బండ్ల మీద రావాలి, అక్కడ తిండి పెట్టకూడదు, అరెస్టు చేసి వ్యాన్లు ఎక్కించకూడదు. అనుమతి ఇవ్వకపోతే కారణం, ఆ నిషేధం ఏ తేదీ దాకానో రాసిమ్మనాలి. ఆ కాగితంలోనే ఇంకో వాక్యం కూడా ఉండాలని నేనడుగుతాను: ఆ తేదీ దాకా సదరు వివాదం మీద ప్రభుత్వం కొత్త జీవో గానీ బిల్లు గానీ తీసుకురాదు అని.