నైతికత క్లాసులో చెప్పి, వార్డులో మరిపిస్తున్నాం

ఆపరేషన్ కోసం మత్తు ఇచ్చిన మహిళకు వైద్య విద్యార్థి నేర్చుకోవడం కోసం జననాంగాల లోపలి పరీక్ష చేయాలంటే, ఆమె మెలకువలో ఉండగానే అనుమతి అడగడం ఎంత ముఖ్యం? అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఐదు వైద్య కళాశాలల విద్యార్థులను పరిశోధకులు ఈ ప్రశ్న అడిగారు. 2003లో ఆ ఫలితాలు వచ్చాయి. స్త్రీ వ్యాధులు, ప్రసూతి విభాగంలో శిక్షణ పూర్తి చేసినవాళ్లు, ఇంకా అక్కడ అడుగుపెట్టనివాళ్ల కంటే అనుమతికి తక్కువ ప్రాధాన్యం ఇచ్చారు.

వైద్య విద్యలో నైతికత, మనస్తత్వశాస్త్రం, సామాజికశాస్త్రం ఎందుకన్న చర్చ ఎప్పుడు వచ్చినా నాకు ఈ అధ్యయనమే గుర్తొస్తుంది. సమ్మతి విలువ విద్యార్థులకు మొదట తెలుసు. వార్డులో పని నేర్చుకుంటున్న కొద్దీ అది పలచబడింది. సీనియర్లు అడగరు, కాబట్టి అడగక్కర్లేదని అర్థం చేసుకున్నారు. సామాజిక శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హాఫర్టీ, వైద్యుడు రోనాల్డ్ ఫ్రాంక్స్ 1994లోనే ఇలా చూసి నేర్చుకునేదాన్ని వైద్య విద్యలోని దాగి ఉన్న పాఠ్యప్రణాళిక అన్నారు. పుస్తకంలో ఉండదు, పరీక్షలో రాదు, కానీ మనిషిలో నిలిచిపోయేది అదే.

అందుకే సిలబస్‌లో మరో పేపర్ కలిపితే సరిపోతుందన్న వాదన నాకు మింగుడుపడదు. కలపడం ఎప్పుడో మొదలైంది. రోగాన్ని శరీరంతో పాటు మనసు, సమాజం కోణాల్లోనూ చూడాలని అమెరికా వైద్యుడు జార్జ్ ఎంగెల్ 1977లోనే వాదించారు. అమెరికా వైద్య ప్రవేశ పరీక్షలో 2015 నుంచి మనస్తత్వ, సామాజిక శాస్త్రాలకు ఏకంగా ఒక విభాగమే ఉంది. అసలు చిక్కు ఈ చదువుకూ, మంచం పక్కన నిలబడి చేసే పనికీ మధ్య ఉన్న దూరంలో ఉంది.

బీపీ మాత్రలు మానేసిన మనిషినే తీసుకోండి. దీర్ఘకాలిక జబ్బులకు మందులు సరిగ్గా వాడేవాళ్లు ధనిక దేశాల్లోనూ సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో చెప్పింది. అలాంటి రోగి వస్తే కేస్ షీట్‌లో ‘మందులు సక్రమంగా వాడటం లేదు’ అని ఒక్క ముక్క రాసి ముందుకు పోతారు. కానీ ఆయన వైపు నుంచి చూడండి. బీపీ ఉన్నప్పుడు ఏ బాధా తెలియలేదు. మాత్ర వేసుకున్నాక తల తిరిగింది. మానేస్తే హాయిగా ఉంది. తన శరీరం చెప్పింది నమ్మిన మనిషి మూర్ఖుడు కాదు. ఆ మాట ఆయన నోట వినగలిగిన డాక్టర్ మాత్ర మారుస్తారు, లేదా మోతాదు తగ్గిస్తారు. విననివాళ్లు అదే చీటీ మళ్లీ రాసి, కాస్త కసురుకుని పంపిస్తారు.

వినడానికి టైమ్ లేదంటారు. 1984లో అమెరికా పరిశోధకులు బెక్‌మన్, ఫ్రాంకెల్ డాక్టర్లతో రోగుల 74 సంప్రదింపుల రికార్డింగులు విన్నారు. రోగి బాధ చెప్పడం మొదలుపెట్టాక డాక్టర్ అడ్డుపడటానికి పట్టిన సమయం సగటున 18 సెకన్లు. చాలామంది మొదట చెప్పేది అసలు బాధ కాదు. అది బయటికి రాకముందే మాట తెగిపోతే, ఆ తర్వాత రాసే పరీక్షలన్నీ తప్పు దారిలో వెళ్లొచ్చు.

సామాజికశాస్త్రం సంగతి క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్ ప్రభుత్వ ఉద్యోగులపై 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో హోదా తగ్గేకొద్దీ గుండె జబ్బు మరణాలు పెరిగాయి. పొగతాగడం వంటి అలవాట్లు లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. ‘టెన్షన్ తగ్గించుకోండి’ అని సలహా ఇచ్చే ముందు, తన పని మీద తనకు ఏ అదుపూ లేని మనిషి దాన్ని ఎలా తగ్గించుకుంటాడో డాక్టర్ ఒక్క క్షణం ఆలోచించాలి.

ఇవన్నీ నేర్పితే వచ్చేవి కావు, పుట్టుకతో రావాలి అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 1961లో అమెరికాలో జరిగిన ఒక సర్వేలో దాదాపు 90 శాతం డాక్టర్లు క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979లో అదే ప్రశ్నల సర్వేలో 97 శాతం చెప్పడమే మేలన్నారు. పద్దెనిమిదేళ్లలో మనుషుల పుట్టుక మారలేదు, వృత్తి అలవాటు మారింది. చెడు వార్త చెప్పడానికి 2000లో ఆరు మెట్ల పద్ధతి కూడా వచ్చింది: చోటు చూసుకోవడం, రోగికి ఏం తెలుసో అడగడం, ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో కనుక్కోవడం, ఆ తర్వాతే విషయం చెప్పడం, కలిగిన దుఃఖానికి చోటివ్వడం, చివరగా ముందున్న దారి మాట్లాడుకోవడం. కుట్లు వేయడం ఎలా అభ్యాసంతో వస్తుందో ఇదీ అలాగే వస్తుంది.

అయితే మార్కుల కోసం నేర్పితే మరో ప్రమాదం. రోగులుగా నటించేవాళ్ల ముందు విద్యార్థికి పరీక్ష పెడితే, ‘మీ బాధ నాకర్థమవుతోంది’ అన్న వాక్యం అప్పజెప్పినట్టు వస్తుంది. దాన్ని రోగి ఇట్టే పసిగడతారు. పరీక్ష వద్దనడం లేదు, అదొక్కటే చాలదంటున్నాను. రాత్రంతా డ్యూటీ చేసి, పొద్దున రౌండ్స్‌లో అందరి ముందు తిట్లు తిన్న విద్యార్థికి ఆ రోజు మధ్యాహ్నం సానుభూతి మీద క్లాసు పెట్టడంలో అర్థం లేదు. ఈ విషయంలో నాకు నిజంగా కోపం వస్తుంది. తనకు దక్కని మర్యాదను ఆ పిల్లవాడు రోగికి ఎక్కడి నుంచి తెచ్చిస్తాడు?

మారాల్సింది మొదట సీనియర్లు. నైతికత పాఠం చెప్పాల్సింది సర్జన్, ఫిజీషియన్, అదీ రౌండ్స్‌లో, రోగి ఎదురుగా. కేస్ ప్రెజెంటేషన్‌లో రక్తపరీక్షల అంకెల తర్వాత ఇంకో రెండు సంగతులు అడగాలి: ఈ రోగి తన జబ్బు గురించి ఏమనుకుంటున్నారు, ఇంటికెళ్లాక మనం చెప్పింది పాటించగల పరిస్థితి ఉందా? జవాబు తెలియని విద్యార్థిని తిట్టకుండా మళ్లీ మంచం దగ్గరికి పంపాలి.

మత్తులో చేసే పరీక్షల విషయంలో 2024లో అమెరికా ప్రభుత్వం ముందుగా సమ్మతి తీసుకోవాల్సిందేనని ఆస్పత్రులకు స్పష్టం చేసింది. ఇక కాగితం మీద సంతకం ఉంటుంది. ఆ సంతకం ఎలా తీసుకున్నారన్నది మాత్రం ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర ప్రొఫెసర్ విద్యార్థిని అడగాల్సిందే: ‘ఆమెతో నువ్వు మాట్లాడావా? నీ పేరు చెప్పావా? వద్దనే వీలుందని ఆమెకు తెలుసా?’