సర్దుబాటు పేరుతో కట్టేది మనం, విచారణ కూడా మన జిల్లాల్లోనే జరగాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇప్పుడు కరెంటు బిల్లు చేతికి రాగానే జనం ముందు చూసేది ఇంధన సర్దుబాటు, అంటే కరెంటు కొనుగోలుకి అనుకున్నదానికంటే పెరిగిన ఖర్చుని తర్వాత బిల్లులో కలిపే పద్దు, దాని దగ్గర ఎంత వేశారా అనే. 2022-23లో డిస్కంలు, అంటే మన ఇళ్ళకి కరెంటు పంచే కంపెనీలు, అనుకున్నదానికంటే ఎక్కువ రేటుకి కొన్న కరెంటు తాలూకు 6,072 కోట్ల రూపాయల్ని 2024 డిసెంబర్ నుంచి రాష్ట్రమంతా వసూలు చెయ్యడం మొదలుపెట్టారు, ఆ వెనకే 2023-24ది ఇంకో 9,412 కోట్లు వచ్చిపడింది. ఎప్పుడో కాలిన యూనిట్లకి ఇప్పుడు కట్టమంటే అప్పుడు ఆ ఇంట్లో అద్దెకున్నోళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయి ఉంటారు, కొత్తగా దిగినోళ్ళు కట్టాల్సి వస్తోంది. ఇది మామూలు విషయం కాదు. ఆ డబ్బు ఎక్కడ పుట్టింది, ఎవరు ఒప్పుకుంటే మన బిల్లులోకి వచ్చిందో ప్రతి ఇంటికీ తెలియాలని మేం ఈ మాట రాస్తున్నాం.

ముందు ఈ వ్యవస్థ ఎట్లా ఉందో చూద్దాం. 1999 ఫిబ్రవరి 1 దాకా రాష్ట్రంలో కరెంటు అంటే ఒకటే బోర్డు, తయారీ అదే, లైన్లు అదే, బిల్లులు కూడా అదే. దాన్ని విడగొట్టి తయారీకి జెన్‌కో, లైన్లకి ట్రాన్స్‌కో చేశారు, 2000లో పంపిణీకి డిస్కంలు వచ్చాయి, 2003 విద్యుత్ చట్టం దేశమంతటికీ ఇదే పద్ధతి పెట్టింది. ఇప్పుడు నెల్లూరు తిరుపతిలో ఉండే ఎస్పీడీసీఎల్ అనే డిస్కం కింద, ప్రకాశం విజయవాడలో ఉండే సీపీడీసీఎల్ అనే డిస్కం కింద ఉన్నాయి, పక్కపక్క జిల్లాలే అయినా కరెంటు ఆఫీసులు వేరు. రాష్ట్రాలు దాటే కరెంటు సంగతి ఢిల్లీలోని కేంద్ర నియంత్రణ మండలి చూస్తుంది, మన ఇంటి రేటు మాత్రం ఇక్కడి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఏపీఈఆర్సీ తేలుస్తుంది, దాని తీర్పు నచ్చకపోతే అప్పిలేట్ ట్రిబ్యునల్‌కి, ఆపైన సుప్రీంకోర్టుకి పోవచ్చు.

డిస్కంలు కొనే కరెంటులో చాలా భాగం పీపీఏల మీదే వస్తుంది, అంటే ప్లాంట్లతో పాతికేళ్ళ దాకా నడిచే కరెంటు కొనుగోలు ఒప్పందాలు. వాటిల్లో రేటు రెండు ముక్కలుగా ఉంటది, ప్లాంటు కట్టిన ఖర్చుకి ఫిక్స్‌డ్ ఛార్జి ఒకటి, బొగ్గుకి ఇంకోటి, ప్లాంటు రెడీగా ఉండి మనం కరెంటు తీసుకోకపోయినా ఆ మొదటి ముక్క కట్టాల్సిందే. డిమాండ్ ఎంతుంటదో తప్పుగా అంచనా వేసి ఎక్కువ ఒప్పందాలు రాసుకుంటే వాడని కరెంటుకి ఏళ్ళ తరబడి కడతాం, తక్కువ రాసుకుంటే ఎండాకాలం సాయంత్రాలు ఎక్స్‌ఛేంజ్‌లో, అంటే కరెంటుని వేలంలో అమ్మే కొనే మార్కెట్‌లో, పడి కొనుక్కోవాలి, రెండింటికీ చివరికి కట్టేది వాడకందారే.

ఎక్స్‌ఛేంజ్‌లు 2008లో వచ్చాయి, ఇప్పుడు మూడున్నాయి, వాటిల్లో ఇండియన్ ఎనర్జీ ఎక్స్‌ఛేంజ్ (ఐఈఎక్స్)దే సింహభాగం. దేశంలో వాడే కరెంటులో అక్కడ చేతులు మారేది పదో వంతు లోపే గానీ కష్టకాలంలో మనల్ని గట్టిగా కొట్టేది ఆ వంతే. రోజుని 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేస్తారు, ఒక్కో ముక్కకీ అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు ముందురోజే రేట్లు వేస్తారు, 2020 జూన్ నుంచి అయితే అప్పటికప్పుడు కొనే రియల్ టైమ్ మార్కెట్ కూడా ఉంది. వేలంలో అవసరమైనంత కరెంటు సరిపోడానికి ఆఖరున ఎవరి రేటు దగ్గర ఆగాల్సి వస్తే ఆ రేటే అందరికీ ఇస్తారు, యార్డులో ఆఖరి లారీ వడ్లు ఎంతకి తెగితే పొద్దున్నుంచి వచ్చిన లారీలన్నిటికీ అదే ధర కట్టినట్టు. దీనివల్ల మధ్యాహ్నం సోలార్ దండిగా ఉన్నప్పుడు రేటు బాగా పడిపోతుంది, పొద్దుగూకాక జనం ఇళ్ళు చేరి ఏసీలు వేసేసరికి కేంద్ర మండలి ఇప్పుడు పెట్టిన యూనిట్‌కి 10 రూపాయల గరిష్ఠం దాకా లేస్తుంది.

2022 ఏప్రిల్ సంగతి ఈ రెండు జిల్లాలు మర్చిపోలేవు. బొగ్గు కరువు, ఎండలు, ఎక్స్‌ఛేంజ్‌లో యూనిట్ 20 రూపాయల దాకా పోతుంటే కేంద్ర మండలి అప్పట్లో 12 దగ్గర కళ్ళెం వేసింది, దాంతో రేటు ఆగింది గానీ కరెంటు పెరగలేదు కదా, ఆ రేటుకి కొంటామన్నా సరిపడా దొరకలేదు. రాష్ట్రంలో పరిశ్రమలకి పవర్ హాలిడే ఇచ్చారు, వారానికి ఒకరోజు అదనంగా మూసుకోమన్నారు, ఆపకుండా నడవాల్సిన ఫ్యాక్టరీల్ని లోడు సగానికి తగ్గించుకోమన్నారు. రొయ్యల గుంటల కాడ కరెంటు పోతే నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగుతాయి, ఆక్సిజన్ పడిపోయి ఒక్క రాత్రిలో పంట మొత్తం పోతుంది, అందుకని రైతు డీజిల్ జనరేటర్ వేస్తాడు, ఆ డీజిల్ ఖర్చు ఏ సర్దుబాటులోనూ ఆయనకి తిరిగి రాదు.

ఇదంతా జరిగింది ఎక్కడ? కృష్ణపట్నం పక్కన. నేలటూరులో దామోదరం సంజీవయ్య పేరు మీదున్న ప్లాంటు ఇప్పుడు 2,400 మెగావాట్లు, ముత్తుకూరు, చిల్లకూరు తీరం వెంబడి ప్రైవేటువి కూడా కలుపుకుంటే ఆరు వేల మెగావాట్లకి పైనే సామర్థ్యం ఉంది. బూడిద మన ఊళ్ళమీద పడుతుంది, కరెంటు మాత్రం ఎవరితో ఒప్పందం ఉంటే వాళ్ళకి పోతుంది. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైన్ కలిశాక దక్షిణాది గ్రిడ్ దేశం గ్రిడ్‌తో ఒకటైంది, ఇక్కడ పుట్టిన కరెంటు ఇక్కడే ఉండాలని అడిగే కాలం పోయింది, అట్లా అడగడం న్యాయం కూడా కాదని మా అభిప్రాయం, ఎందుకంటే మనకి తక్కువైన రోజు అదే లైన్ మీద బయటి నుంచి తెచ్చుకుంటున్నాం. ఒప్పందాలు ఎంత పెళుసో తెలియాలంటే ఇక్కడే తలపెట్టిన 3,960 మెగావాట్ల అల్ట్రా మెగా ప్లాంటుని చూస్తే చాలు. 2007లో రిలయన్స్ పవర్ యూనిట్ 2 రూపాయల 33 పైసలకి ఇస్తామని వేలంలో దక్కించుకుంది, 2010లో ఇండోనేషియా బొగ్గు ధర నిబంధనలు మార్చేసరికి గిట్టుబాటు కాదని పని ఆగిపోయింది, ప్లాంటు లేవనేలేదు. కాగితం మీద చౌక రేటు చూసి లెక్కలు వేసుకున్న రాష్ట్రాలు ఆ కరెంటు కోసం మళ్ళీ వేరే చోట వెతుక్కోవాల్సి వచ్చింది.

మేం మార్కెట్ వద్దనడం లేదు. 96 ముక్కల వేలం ఉండబట్టే ఎక్కడో మిగిలిన కరెంటు ఇంకోచోట అక్కరకొస్తోంది. మాకు అన్యాయంగా కనపడేది ఏందంటే కొనుగోలు రిస్కు మొత్తం వాడకందారు మీదికే దొర్లుతోంది, ఆ కొనుగోలు జరిగేచోట వాడకందారు మాత్రం లేడు. ఇప్పుడున్న రూల్ ప్రకారం యూనిట్‌కి 40 పైసల దాకా డిస్కంలు ముందు అనుమతి లేకుండానే నెలనెలా బిల్లులో కలపొచ్చు, దాన్ని దాటింది ఏడాది ఆఖర్న పిటిషన్‌గా రాష్ట్ర మండలి ముందుకి పోతుంది. అప్పటికి డబ్బు ఖర్చయిపోయి ఉంటది, మండలి కొంత కోసినా మిగతాది కట్టక తప్పదు.

అందుకే రాష్ట్ర మండలిని మేం గట్టిగా అడుగుతున్నాం, ట్రూ-అప్ పిటిషన్ల మీద, అంటే పెరిగిన ఖర్చు వసూలుకి డిస్కంలు వేసే ఈ పిటిషన్ల మీద, నెల్లూరులో ఒకరోజు, ఒంగోలులో ఒకరోజు కూర్చుని తెలుగులో విచారణ చెయ్యండి. డిస్కంలు ఎక్స్‌ఛేంజ్‌లో ఏ రోజు ఏ 15 నిమిషాలకి ఎంత కొన్నాయి, ఏ రేటుకి, ఆ టైములో పీపీఏ ఉన్న ఏ ప్లాంటు ఆగి ఉంది, ఎందుకు ఆగిందో వారం తిరక్కుండా వెబ్‌సైట్‌లో పెట్టించండి. ప్లాంటు చేతకానితనం వల్లో అంచనా తప్పు వల్లో పెరిగిన ఖర్చుని డిస్కం భరించాలి, బొగ్గు ధర పెరిగినదాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టి జనం మీద వెయ్యొద్దు.

వచ్చే ఏడాది రేట్ల కోసం డిస్కంలు నవంబర్ ఆఖరికల్లా లెక్కలు దాఖలు చెయ్యాలి, ఆ తర్వాత అభ్యంతరాలు ఎవరైనా వెయ్యొచ్చు, లాయర్ అక్కర్లేదు. ఇందుకూరుపేట, విడవలూరు ఆక్వా రైతులూ చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల వాళ్ళూ ఒంగోలు అపార్ట్‌మెంట్ అసోసియేషన్లూ ఈసారి తమ రెండేళ్ళ బిల్లులు జత చేసి అభ్యంతరం వెయ్యండి, విచారణ జిల్లాలో పెట్టమని అందులోనే రాయండి.