పెట్టె మీద ఒక్క అబద్ధం లేదు

చవక స్మార్ట్‌ఫోన్ల మీద జనానికి ఒక దురభిప్రాయం ఉంది, పెట్టె మీద అన్నీ అబద్ధాలే రాస్తారని. నాలుగు నెలలుగా అలాంటి ఫోన్ ఒకటి వాడుతున్నవాణ్ణి, దాని పెట్టెని ఇప్పటికీ బీరువాలో భద్రంగా దాచుకున్నవాణ్ణి, పూర్తి బాధ్యతతో చెబుతున్నాను: ఆ పెట్టె మీద ఒక్క అబద్ధం లేదు. ప్రతి అంకె నిజం. కాకపోతే ధర్మరాజు చెప్పినంత నిజం. ఆయన ద్రోణుడికి వినబడేలా ఒక ముక్క గట్టిగా చెప్పి, ఏనుగు సంగతి నోట్లో గొణిగేశాడు కదా. ఫోన్ పెట్టె మీద ఆ గొణుగుడికి ఒక గుర్తుంటుంది. అంకె పక్కన, కాస్త పైకి, ఆవగింజంత నక్షత్రం. అది కనబడిందంటే చుట్టుపక్కల ఎక్కడో ఏనుగు ఉన్నట్టే.

మొన్నమొన్నటిదాకా నేను బటన్ల ఫోన్ మనిషిని. వారానికోసారి చార్జింగ్ పెడితే చాలు. కింద పడితే దెబ్బ నేలకే. దాన్ని నేను వదిలిపెట్టలేదు. అది మాట్లాడే పాత నెట్‌వర్క్‌ని కంపెనీవాళ్లు ఆపేశారు. పాపం ఇప్పటికీ టైమ్ చూపిస్తుంది, పొద్దున్నే అలారం కొడుతుంది, ఎవరితోనూ మాట్లాడదు. అప్పుడు మా మేనల్లుడు రంగంలోకి దిగాడు.

"ఫోన్‌లో నీకేం కావాలి మామయ్యా?"

"ఫోన్ కావాలిరా."

"అలా అంటే ఎలా? ర్యామ్ ఎంత ఉండాలి, కెమెరా ఎంత ఉండాలి, అది చెప్పు."

"నాన్నా, ఎవరైనా నాకు ఫోన్ చేస్తే మోగాలి. నేను హలో అంటే అవతలివాళ్లకు వినబడాలి."

వాడు నావైపు జాలిగా చూశాడు. ఆ చూపులోని జాలి ఎవరికి చెందాల్సిందో తేలడానికి మూడు వారాలు పట్టింది. అక్కడికి తర్వాత వస్తాను.

మొదటి ఏనుగు ర్యామ్ దగ్గర దొరికింది. ర్యామ్ అంటే ఫోన్ పని చేసుకుంటూ సామాను పరుచుకునే బల్ల, స్టోరేజీ అంటే ఆ సామాను దాచుకునే అలమర. పెట్టె మీద బొద్దుగా "8 జీబీ వరకు" అని ఉంది. ఆ "వరకు" అనే మాటకి పెద్ద జీతమే ఇవ్వాలి, అంత పని చేస్తుంది. లోపల నిజమైన ర్యామ్ 4 జీబీ. మిగతా 4 స్టోరేజీ దగ్గర తెచ్చుకున్న చేబదులు. ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో పెట్టుకుని, రెండు జేబులూ నిండాయని లెక్క రాసుకోవడం అన్నమాట. పైగా స్టోరేజీ ర్యామ్ అంత వేగంగా పరిగెత్తలేదు, కాబట్టి ఆ చేబదులు సమయానికి అందదు. ఆ స్టోరేజీ అయినా ఎంత? 64 అని రాశారు. అందులో సిస్టమ్ తన వాటా ముందే తీసుకుంది, చేబదులు కింద ఇంకో 4 పోయింది. తీసెయ్యడానికి వీల్లేని యాప్‌లు కొన్ని నాకంటే ముందే వచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్నాయి. నేను అద్దెకున్నవాడిలా మిగిలినచోట సర్దుకున్నాను.

స్టోరేజీ విషయంలో పెట్టె ఎంత అన్నది చెబుతుంది, ఎలాంటిది అన్నది చెప్పదు. చవక ఫోన్లలో ఎక్కువగా ఉండేది ఈఎంఎంసీ రకం. కాస్త పైమెట్టు ఫోన్లలో యూఎఫ్ఎస్ ఉంటుంది. మొదటిది ఒకే తలుపున్న గది: సామాను లోపలికి చేరేస్తుంటే బయటికి తేవడం కుదరదు. రెండోదానికి రాకకీ పోకకీ వేరే దారులు. నా ఫోన్ ఒక యాప్‌ని అప్‌డేట్ చేసుకుంటున్న సమయంలో నేను గ్యాలరీ తెరిస్తే, అది నన్ను గుమ్మం బయటే నిలబెట్టేది ఇందుకే. మొదట్లో వేలు సరిగ్గా తగల్లేదేమో అనుకుని ఇంకో మూడుసార్లు నొక్కేవాణ్ణి. కాసేపటికి ఆ నాలుగు నొక్కుళ్లనీ అది ఒకేసారి గుర్తుచేసుకుని, నాకు పరిచయం లేని ఏదో సెట్టింగ్‌లోకి తీసుకెళ్లేది. అక్కడ ఏమైనా మార్చానేమో ఇప్పటికీ తెలియదు.

కెమెరా సంగతికొస్తే, 50 మెగాపిక్సెళ్లు. నిజమే. అయితే మామూలుగా ఫొటో తీస్తే నాలుగేసి చిన్న పిక్సెళ్లను ఒకటిగా కలిపి, 12.5 మెగాపిక్సెళ్ల బొమ్మ చేతిలో పెడుతుంది. ఇందులో మోసమేం లేదు, వెలుతురు తక్కువున్నప్పుడు అదే మంచిది కూడా. మరి 50 ఎందుకంటారా? పెట్టె మీద 12.5 అని రాస్తే ఏం బాగుంటుంది! వెనక మొత్తం మూడు కళ్లున్నాయి. ఒకటి పని చేస్తుంది, తక్కిన రెండూ పక్కన కూర్చుని తలాడిస్తాయి. అందులో ఒకటి బాగా దగ్గరి వస్తువుల్ని తీసే మ్యాక్రో, 2 మెగాపిక్సెళ్లది. 2007లో వచ్చిన మొట్టమొదటి ఐఫోన్ వెనక ఉన్నవీ 2 మెగాపిక్సెళ్లే. పూర్వీకుల మీద గౌరవంతో పెట్టి ఉంటారు.

బ్యాటరీ 5000 ఎంఏహెచ్. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. చార్జింగ్ దగ్గర మాత్రం "18 వాట్లు సపోర్ట్ చేస్తుంది" అన్నారు, పెట్టెలో పెట్టింది 10 వాట్ల చార్జర్. సపోర్ట్ అంటే మాటసాయం అని అర్థం చేసుకోవాలి.

ఫోన్ సంగతి ఇలా ఉంటే, సిమ్ సంగతి ఇంకా నిజాయితీగా ఉంటుంది. నేను తీసుకున్నది చవక ప్రీపెయిడ్ కంపెనీది. వాళ్లకి సొంత టవర్లు లేవు. పెద్ద కంపెనీ టవర్లని అద్దెకి తీసుకుని మనకి అమ్ముతారు. "అవే టవర్లు, తక్కువ డబ్బు" అన్నది వాళ్ల మాట. అక్షరాలా నిజం. పొద్దున్న ఆరింటికి సినిమా కూడా ఆగకుండా నడుస్తుంది. సాయంత్రం ఏడింటికి అందరూ ఫోన్లు తీశాక, టవర్ ముందుగా తన సొంత ఖాతాదారుల సంగతి చూసి, తర్వాత మన వైపు తిరుగుతుంది. అన్ని చవక కంపెనీలకీ ఇలాగే అని చెప్పను, నా కంపెనీకి మాత్రం ఇదే షరతు. అప్పుడు కూడా సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి. ఎందుకంటే గీతలు చూపించేది టవర్ ఎంత గట్టిగా వినబడుతోందన్నదే. క్యూలో మనముందు ఎంతమంది ఉన్నారో వాటికేం తెలుసు?

"అన్‌లిమిటెడ్" అన్నదీ నిజమే. కోటా అయ్యాక డేటా ఆగదు, 128 కేబీపీఎస్‌కి దిగుతుంది. అంటే సెకనుకి 16 కిలోబైట్లు. మా చెల్లెలు 3 ఎంబీల ఫొటో ఒకటి పంపింది. లెక్క ప్రకారం మూడు నిమిషాల పైచిలుకు పట్టాలి. మసక చతురస్రం, దాని మధ్యలో చిన్న వలయం తిరుగుతోంది. ఆ మసకలో గులాబీ రంగు మచ్చ చూసి పాపాయి అనుకున్నాను, ఆకుపచ్చ చూసి తోట అనుకున్నాను. "చాలా ముద్దుగా ఉంది" అని జవాబు పెట్టేశాను. మాటలకి అంత డేటా అక్కర్లేదు కాబట్టి అది వెంటనే చేరిపోయింది. ఫొటో తెరుచుకున్నాక చూస్తే, కొత్తగా కొన్న కుర్చీ కవరు.

ప్లాన్‌లో నెల అంటే 28 రోజులు. పదమూడు నెలలైతే 364. అంటే సంవత్సరానికి పన్నెండు నెలలున్నాయన్న మూఢనమ్మకాన్ని ఈ ప్లాన్లు నిశ్శబ్దంగా వదిలిస్తున్నాయి. మిగిలిన ఒక్క రోజుని ఏం చేయాలో కూడా వాళ్లే చూసుకుంటారు, దిగులు పడక్కర్లేదు.

ఇక ఇందాక వాయిదా వేసిన జాలి విషయం. ఫోన్ కొన్నాం, సిమ్ వేశాం, ఇంటర్నెట్ వచ్చింది, వీడియో ఆడింది. కాల్ మాత్రం వెళ్లదు. నంబర్ కొడితే మూడు సెకన్లు ఆలోచించి "కాల్ ముగిసింది" అంటుంది, మొదలవకుండానే. మేనల్లుడు ఫోన్‌ని ఆపి, వేసి, సిమ్ తీసి, గుడ్డతో తుడిచి, ఊది, మళ్లీ పెట్టాడు. చివరికి తేలిందేమిటంటే, 4జీని ప్రధానంగా డేటా కోసం తయారుచేశారు. దాని మీద మాట కూడా నడవాలంటే వోల్టీ అనే పద్ధతి కావాలి. ఫోన్‌లో వోల్టీ ఉంటే సరిపోదు, ఈ మోడల్‌ని మేం పరీక్షించాం, ఒప్పుకుంటున్నాం అని నెట్‌వర్క్ కూడా అనాలి. అనకపోతే ఫోన్ కాల్ కోసం పాత 3జీకో 2జీకో దిగుతుంది. అవి ఆపేసినచోట దిగడానికి మెట్లే లేవు. అమెరికాలో మూడు పెద్ద కంపెనీలూ 2022లో 3జీని కట్టేస్తే, చూడ్డానికి నిక్షేపంలాంటి ఫోన్లు ఎన్నో గడియారాలుగా మారాయి.

పెట్టె మీద "4జీ వోల్టీ" అని ఉంది. నిజమే, నా ఫోన్‌కి వోల్టీ వచ్చు. నా కంపెనీవాళ్ల దగ్గర మాత్రం రాదు. ఇంతా చేసి అది ముందే తెలుసుకోవడానికి పట్టేది రెండు నిమిషాలు. *#06# కొడితే ఐఎంఈఐ అనే 15 అంకెల ఫోన్ గుర్తింపు నంబర్ వస్తుంది, చాలా కంపెనీలు తమ సైట్‌లో ఆ నంబర్ వేసి చూసుకోనిస్తాయి. మోడల్ పేరు పట్టుకుని వాళ్ల జాబితాలో వెతుక్కోవచ్చు. బ్యాండ్లూ, అంటే టవర్‌తో మాట్లాడే రేడియో తరంగాల వరసలూ అంతే. గోడలు దాటి ఇంట్లోకి వచ్చేవి 700, 800 మెగాహెర్ట్జ్‌లాంటి కింది బ్యాండ్లు. వేరే ప్రాంతం కోసం చేసిన ఫోన్‌లో అవి లేకపోతే, వీధిలో బ్రహ్మాండంగా పలికే ఫోన్ గదిలో మూగదవుతుంది. నన్నడిగితే ర్యామ్ ముఖం చూడకముందు ఈ రెండూ చూడాలి. మేనల్లుడూ చూశాడు, కొన్న మూడు వారాలకి. చేతులు కాలాక పట్టుకున్నా ఆకులు ఆకులే కదా అన్నట్టు సిమ్ మార్పించాడు. ఆ రోజు నాకు మొదటి కాల్ వచ్చింది. లోన్ కావాలా అని అడిగారు. రింగ్ అయినందుకు ఆనందంతో చాలాసేపు మాట్లాడాను.

సెక్యూరిటీ అప్‌డేట్లు రెండేళ్లు ఇస్తామన్నారు. ఇక్కడా నక్షత్రం ఉంది. ఆ రెండేళ్లూ నేను కొన్న రోజు నుంచి కావు, ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి. అది తగ్గింపులోకి రావడానికే ఏడాదిన్నర పట్టింది. తగ్గింపు దేనిలో అన్నది మనం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి వచ్చిన నియమం ప్రకారం, మోడల్ అమ్మకం ఆపేశాక కూడా అయిదేళ్లు అప్‌డేట్లు అందాలి. అంత ఉదారత మంచిది కాదేమో.

మొన్న ఆదివారం బీరువాలోంచి పెట్టె తీసి, మిగిలిన నక్షత్రాలకి కూడా ఏనుగుల్ని వెతుకుదామని కూర్చున్నాను. అడుగున అక్షరాలు ఎంత చిన్నవంటే, కళ్లద్దాలు పెట్టుకున్నా చీమల బారులాగే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, నా ఫోన్‌కి దగ్గరి వస్తువుల కోసమే ఒక మ్యాక్రో కన్ను ఉందని. నాలుగు నెలల్లో దానికి మొదటిసారి పని చెప్పాను. పెట్టెకి 4 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కాను. వలయం తిరిగింది. ఫొటో వచ్చింది. కింద వాక్యమంతా బూజు పట్టినట్టు అలుక్కుపోయింది. నక్షత్రం మాత్రం స్పష్టంగా పడింది.