ఐదు నిమిషాల్లో మొదలుపెట్టించే రీడ్‌మీ గారికి

మహారాజశ్రీ రీడ్‌మీ గారి దివ్యసముఖానికి,

మండపేట దగ్గర ఒక రైస్‌మిల్లు కాటా గదిలోంచి విన్నవించుకుంటున్నది. ఇక్కడ మేమందరం క్షేమం. తమరి క్షేమం అడగను. సీరియల్ పోర్టు లైబ్రరీతో, అంటే ఎవరైనా తమ ప్రోగ్రాంలో కలుపుకునే తయారు రొటీన్ల (చిన్న ప్రోగ్రాం ముక్కల) మూటతో, పాటు వచ్చే సూచనల ఫైలు తమరు. విండోస్‌కి ముందటి ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ రోజుల్లో పుట్టి, ఫ్లాపీలోంచి సీడీలోకి, సీడీలోంచి పెన్‌డ్రైవ్‌లోకి ఒక్క అక్షరం రాలకుండా వచ్చారంటే తమరికి ఏ రోగమూ లేదనే అర్థం. రోగాలన్నీ తమర్ని నమ్ముకున్నవాళ్లకే.

నిన్న మధ్యాహ్నం సంగతి. దాళ్వా ధాన్యం దిగుతున్న రోజులు. కాటా మీద లారీ, దాని వెనక ఇంకో లారీ, ఆ వెనక గేటు దాటి రోడ్డు మీదకి ట్రాక్టర్లు. కాటాకి ఏ లోపమూ లేదు. బరువు చదివి చీటీ కొట్టే డాస్ కంప్యూటరే మధ్యమధ్యలో అంకెలు మింగేస్తోంది. ఆ ప్రోగ్రాం రాసినాయన అసెంబ్లీ భాషలో రాసి, సోర్సు కోడ్ ఇక్కడే వదిలేసి, ఎప్పుడో హైదరాబాదు వెళ్లిపోయాడు. కొత్తది పెట్టించండి అంటే మిల్లు యజమానిది ఒకటే మాట: "సీజన్ అవనియ్యండి మాస్టారూ." పాలిటెక్నిక్‌లో 8086 ప్రాసెసర్ ల్యాబ్ చెప్పేవాడికి ఈ జిల్లాలో ఇలాంటి మర్యాదలే జరుగుతాయి.

అంకెలు ఎక్కడ పోతున్నాయో నాకు తెలుసు. కాటా తీగ తగిలించిన సీరియల్ పోర్టును పాత ప్రోగ్రాం బయోస్‌లోని ఇంట్ 14హెచ్ అనే పిలుపుతో, తనకు తీరికైనప్పుడే చదువుతోంది. ప్రోగ్రాం ప్రింటర్ వైపు తిరిగిన క్షణంలో కాటా నుంచి అక్షరం వస్తే అది గోదాట్లో కలిసినట్టే. అక్షరం వచ్చిందని పోర్టు ప్రాసెసర్‌ని తట్టే ఇంటరప్ట్ వచ్చినప్పుడల్లా ఆ అక్షరాన్ని పట్టుకుని బఫర్‌లో దాచే రొటీన్లు కావాలి. అవి తమరి లైబ్రరీలో ఉన్నాయి. బాగున్నాయి కూడా. అసలు బాధ అదే. పనికిరానివైతే నిన్ననే డిలీట్ చేసి ఇంటికెళ్లి పడుకునేవాణ్ని.

తమరు మొదటి తెరలోనే సెలవిచ్చారు: "ఈ లైబ్రరీని మీ ప్రోగ్రాంతో లింక్ చేయండి. ఐదు నిమిషాల్లో మొదలుపెట్టేయొచ్చు."

ఆ మాట పట్టుకుని నేను గుమస్తాతో, గుమస్తా డ్రైవర్లతో, డ్రైవర్లు ఎవరెవరితోనో ఫోన్లో "ఇదిగో, అయిపోయింది" అని చెప్పుకుంటూ పోయాం.

తర్వాత ఏముంది తమరిలో? లైసెన్సు. వారంటీ లేదనే ప్రకటన, మొత్తం పెద్దక్షరాల్లో. పాత వెర్షన్లలో ఏ బగ్ ఎప్పుడు పోయిందో దాని చరిత్ర. తమరి అన్నదమ్ములైన ఇతర లైబ్రరీల ధరల పట్టిక. ఇవన్నీ అయ్యాక, పెళ్లి భోజనంలో ఆఖరి బంతికి మిగిలిన బూరెలా, ఒక ఉదాహరణ ప్రోగ్రాం. అదేం చేస్తుందయ్యా అంటే తెర మీద "హలో" అని రాస్తుంది. దానికి తమరెందుకు? ఏహెచ్ రిజిస్టర్‌లో 9 పెట్టి ఇంట్ 21హెచ్ పిలిస్తే డాసే రాసిపెడుతుంది. తమరి ఉదాహరణ కూడా సరిగ్గా అదే పిలిచింది! లైబ్రరీలోంచి ఒక్క రొటీన్‌ని కూడా ముట్టుకోలేదు. లైబ్రరీ ఎలా వాడాలో చూపించడానికి లైబ్రరీ లేకుండా ప్రోగ్రాం రాసిన ఘనత తమరిదే. పైగా దాని నెత్తిన ".మోడల్ స్మాల్" అని ఒక తిలకం, అంటే కోడంతా ఒకే సెగ్మెంట్‌లో, ఒకే మెమరీ ముక్కలో, ఉందని.

ఆ తిలకం గురించే ఈ ఉత్తరం.

తమరి లైబ్రరీ ఏ మోడల్‌లో కట్టారు సార్? స్మాలా, లార్జా? ఒక్క మాట అడుగుతున్నాను. మా పాత ప్రోగ్రాం స్మాల్. తమరి ఉదాహరణా స్మాల్. ఎవడైనా ఏమనుకుంటాడు? లోపల చూస్తే రొటీన్లన్నీ ఫార్, వేరే సెగ్మెంట్ నుంచి పిలవడానికి రాసిన లార్జ్ రకం. సెగ్మెంట్ పేరు మాత్రం స్మాల్ వాళ్లు పెట్టుకునేదే పెట్టారు. పేర్లు కలిశాయి కాబట్టి ప్రోగ్రాం ముక్కల్ని కలిపే లింకర్ కిక్కురుమనకుండా రెండింటినీ ఒక్కటి చేసేసింది. ఎర్రర్ వచ్చినా దాని కాళ్లకి దణ్ణం పెట్టేవాణ్ని.

ఇప్పుడు చూడండి వైభోగం. నియర్ కాల్ చేస్తే, అంటే అదే సెగ్మెంట్‌లోని రొటీన్‌ని పిలిస్తే, తిరిగి రావడానికి గుర్తుగా సెగ్మెంట్ లోపలి చోటు చెప్పే ఐపీ ఒక్కటే, రెండు బైట్లు, స్టాక్ అనే తాత్కాలిక దాపుడు మెమరీ మీదకి వెళ్తుంది. తమరి రొటీన్ పని ముగించుకుని ఫార్ రిటర్న్ చేస్తుంది. అంటే స్టాక్ మీంచి రెండు బైట్లు తీసి ఐపీలో వేసుకుని, అక్కడితో ఆగకుండా, కింద ఉన్న ఇంకో రెండు తీసి, ఏ సెగ్మెంటో చెప్పే సీఎస్‌లో వేసుకుంటుంది. ఆ కింద ఉన్నవి ఎవరివి? నావి. నేను కాసేపు దాచుకున్న లారీ బరువు, కిలోల్లో. దాన్ని సెగ్మెంట్ అనుకుని, పదహారుతో గుణించి, ఐపీ కలిపి, వచ్చిన చిరునామాకి ప్రాసెసర్ బయల్దేరింది. అక్కడ ఏముంటుంది? అది లారీ బరువును బట్టి ఉంటుంది.

నవ్వకండి. నిజంగా అలాగే జరిగింది. పన్నెండు టన్నుల లారీ ఎక్కితే కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఖాళీ ట్రాక్టర్ ఎక్కితే రీబూట్ అయింది. మధ్యరకం బండికి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ పూనకం వచ్చినట్టు కాగితాలు కక్కింది, వాటి మీద ముఖాలూ గీతలూ ఇస్పేటు గుర్తులూ. గుమస్తా ఒక కాగితం అందుకుని, కళ్లజోడు సర్దుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. "బరువెక్కువైతే తట్టుకోలేకపోతోందండీ, ఆయ్" అన్నాడు. తమరి పేజీలన్నీ కలిపినా అంత దగ్గరగా రోగం చెప్పినవాడు లేడు.

చివరికి డాస్‌తో వచ్చే డీబగ్ ప్రోగ్రాం తెరిచి, ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ అడుగులో అడుగు వేస్తూ తమరి రొటీన్ చివరిదాకా వెళ్లాను. ఆఖరి బైటు సీబీ, అంటే ఫార్ రిటర్న్. నియర్ రిటర్న్ అయితే అక్కడ సీ3 ఉండాలి. ఒక్క బైటు! దాని కోసం బయట ఒక డ్రైవరు లారీ కింద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు, ఇంకొకడు మిల్లు యజమాని వంశవృక్షాన్ని గౌరవంగా గుర్తుచేసుకుంటున్నాడు.

ఇంతకీ ఈ మోడల్ సంగతి తమరికి తెలియక కాదు. చిట్టచివర రాశారు: "మెమరీ మోడళ్లు, కాలింగ్ పద్ధతుల వివరాలు రిజిస్టర్ చేసుకున్నవారికి పంపే అచ్చు పుస్తకంలో ఉంటాయి."

ఓహో.

ఊరికే పంచి, నచ్చితే డబ్బు పంపమనే షేర్‌వేర్ తమరి వంశం; ఆ చరిత్ర నాకు కొంచెం తెలుసు లెండి. 1982లో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ ఫోన్ లైను మీద కంప్యూటర్లను కలిపే పీసీ-టాక్‌ని జనంలోకి వదిలి, నచ్చితే 25 డాలర్లు పంపండి, నచ్చకపోయినా నలుగురికీ పంచండి అన్నాడు. జిమ్ నాఫ్ డేటాబేస్ ప్రోగ్రాం పీసీ-ఫైల్‌తో అదే బాట పట్టాడు. బాబ్ వాలెస్ మైక్రోసాఫ్ట్‌లోంచి బయటికొచ్చి వర్డ్ ప్రాసెసర్ పీసీ-రైట్ రాసి, డబ్బు కట్టినవాళ్ల కాపీ ద్వారా ఇంకొకరు చేరితే ఎదురు కమిషన్ ఇచ్చాడు. వాళ్లు మొత్తం చేతిలో పెట్టి, నీ ధర్మం అన్నారు. తమరు కోడ్ ఊరికే ఇచ్చి, అది నడవడానికి కావాల్సిన ఒక్క వాక్యాన్ని అమ్ముకున్నారు. దాన్ని ఏమంటారో మా ఊళ్లో ఉన్నమాట రాస్తే బాగుండదు.

పోనీ, కట్టేద్దాం. ఫారం తీశాను. డ్రైవ్ ఐదుంపావు అంగుళాలదా, మూడున్నరదా, టిక్కు పెట్టాలట. అమెరికా బ్యాంకు మీద చెల్లే డాలర్ చెక్కు మాత్రమే తీసుకుంటారట. మా వైపు డాలర్లకేం కొదవలేదు, వీధికొకడు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నాడు. కానీ పంపేదెక్కడికి? ఒక పోస్ట్ బాక్స్. దాని పక్కన మధ్యలో కామా ఉన్న అంకెల చిరునామా, కంప్యూసర్వ్ అనే పాత ఆన్‌లైన్ సేవ కాలం నాటిది. ఆ తాళం తీసేవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇంకా? డాస్ ఫంక్షన్ 9 ఎక్కడ డాలర్ గుర్తు కనిపిస్తే అక్కడ రాయడం ఆపేస్తుంది, డాస్‌కి ముందటి సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ కాలం నుంచీ దానికి ఆ అలవాటు. సరిగ్గా చెప్పాల్సిన చోట డాలర్ చూసి నోరు మూసుకోవడం తమరు దాని దగ్గరే నేర్చుకున్నారేమో.

డబ్బు తీసుకోరు, మాట చెప్పరు. ఏం చేయమంటారండీ? చదువుకునే కుర్రాళ్లు తమర్ని తెరిచి, ఐదు నిమిషాలన్నారు కదా, మనకే బుర్ర లేదు కాబోలు అనుకుని అసెంబ్లీకి దణ్ణం పెట్టి లేచిపోరూ? వాళ్లు రాసింది తప్పు కాదు. తమరు దాచింది తప్పు.

కోపం వచ్చింది, అనేశాను. ఇంకో మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయం. డీబగ్‌లో తిరుగుతున్నప్పుడు తమరి ఇంటరప్ట్ హ్యాండ్లర్ని, ఇంటరప్ట్ వస్తే పలికే రొటీన్‌ని, చూశాను. రిజిస్టర్లు దాచి, సీరియల్ పోర్టు 3ఎఫ్8 నుంచి అక్షరం తీసి, బఫర్‌లో పెట్టి, చివర పనైందని 20హెచ్ పోర్టుకి 20హెచ్ పంపి, తీసుకున్నవన్నీ ఎక్కడివక్కడ ఇచ్చేసి, ఇంటరప్ట్ నుంచి తిరిగొచ్చే ఐరెట్. ఒక్క బైటు దండగ లేదు. ఆ రాసినాయన చేతికి ఎప్పుడైనా షేక్‌హ్యాండ్ ఇవ్వగలిగితే గట్టిగా ఇస్తాను. ఆయన చేతనే రీడ్‌మీ కూడా రాయించింది ఎవరో, వాళ్ల సంగతే తేలాలి.

బయటి రొటీన్లు ఎలాంటివో చెప్పే ఎక్స్‌టర్న్ వరసలో నియర్ తీసి ఫార్ పెట్టాను. అక్షరం ఏఎల్ రిజిస్టర్‌లోనే వస్తుంది కాబట్టి ఇంకేం మార్చక్కర్లేదు. అసెంబుల్, లింక్, రన్. కాటా మీద ఉన్న లారీ బరువు అంకె పోకుండా వచ్చింది, చీటీ తెగింది. గుమస్తా దాన్ని పట్టుకుని "మరి ఇందాకే చెయ్యాల్సిందండీ" అన్నాడు.

తమరి లైసెన్సులో ఒక షరతు ఉంది: ఫైళ్లలో ఏ మార్పూ చేయకుండా ఉన్నదున్నట్టే నలుగురికీ పంచాలి. ఆ షరతు మీరాను. ఈ మిల్లులో ఉన్న తమరి కాపీలో, ఐదు నిమిషాల మాట కొట్టేసి, ఆ స్థానంలో "రొటీన్లన్నీ ఫార్. ఉదాహరణ చూసి మోసపోవద్దు" అని తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి సేవ్ చేశాను. ల్యాబ్‌లో కుర్రాళ్లకీ ఆ కాపీయే ఇస్తున్నాను. కేసు వేస్తానంటే వేసుకోండి. నోటీసు మామూలు పోస్టులో పంపండి, మాకు అందుతుంది.

ఇట్లు,
తమరి అన్‌రిజిస్టర్డ్ యూజర్